మా అన్నయ్యను మాకు మిగిల్చిన అందరికీ కృతజ్ఞతలు

నిన్న మా అన్నయ్య ఎవరినీ పట్టుకోకుండా మేడ మెట్లు ఎక్కాడు. ఆ సంతోషంలోనే ఇది రాస్తున్నాను. రాయమన్నదీ అన్నయ్యే, పేరు మాత్రం వద్దన్నాడు.

తలనొప్పి, వాంతులతో మొదలైంది. రెండు చోట్ల మైగ్రేన్ మాత్రలిచ్చి పంపించేశారు. పెద్దాసుపత్రికి చేర్చేసరికి మమ్మల్ని గుర్తుపట్టడం లేదు. హెచ్‌ఐవీ ఉందనీ, సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) 38కి పడిపోయిందనీ, క్రిప్టోకాకస్ అనే ఫంగస్ మెదడు పొరలకు పట్టిందనీ ఒక్కరోజులోనే తెలిసింది.

ఫంగస్‌ను చంపే ఆంఫోటెరిసిన్ మందు సీసాకు వెలుతురు తగలకుండా నల్ల కాగితం చుట్టి ఎక్కించేవారు. కాసేపటికే పళ్లు టకటకలాడేంత వణుకు. రాత్రి డ్యూటీ సిస్టర్ గారు రెండో దుప్పటి కప్పి, వణుకు తగ్గేదాకా మంచం పక్కనే నిలబడేవారు. ఆవిడకూ, రక్తం తగ్గినప్పుడు వచ్చి ఇచ్చిన ఇద్దరు కాలేజీ పిల్లలకూ చేతులెత్తి దండం పెడుతున్నాను.

హెచ్‌ఐవీ మందులు వెంటనే ఎందుకివ్వరని డాక్టరు గారితో గొడవపడ్డాను. ముందు ఫంగస్ తగ్గాలి, నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలన్నారు. తొందరపడితే ఎక్కువమంది చనిపోతున్నారని ఉగాండా, దక్షిణాఫ్రికాల్లో చేసిన పరిశోధనలో 2014లోనే తేలిందట. నా కోపాన్ని ఓర్చుకుని ఇదంతా చెప్పారాయన. ఐదో వారంలో ఏఆర్‌టీ, అంటే ఆ హెచ్‌ఐవీ మందుల చికిత్స, మొదలైంది.

రెండు నెలలు బాగున్నాడు. మళ్లీ అదే తలనొప్పి. మందులు పడట్లేదు, ఆపేయమన్నారు చుట్టాలు. టెన్షన్‌లో నేనూ డబ్బా తీసి బీరువాలో పెట్టేశాను. ఏఆర్‌టీ సెంటర్ కౌన్సిలర్ మేడమ్‌కు ఫోన్ చేస్తే, "ఈ పూట మాత్ర మానొద్దు తమ్ముడూ, పొద్దున్నే తీసుకొచ్చెయ్" అన్నారు.

మళ్లీ వెన్నులోంచి నీరు తీసి కల్చర్‌కు పెట్టారు. ఫంగస్ పెరగలేదు. ఫంగస్ చచ్చినా దాని ముక్కలు లోపల మిగిలిపోతాయట. ఏఆర్‌టీతో తిరిగి పుంజుకున్న రోగనిరోధక శక్తి ఒక్కసారిగా వాటిమీద పడితే మెదడు పొరలు వాస్తాయట. దీన్నే ఐరిస్ అంటారు. ఒంట్లో శక్తి తిరిగొస్తున్నందుకు వచ్చిన నొప్పిని మేము మందుల తప్పనుకున్నాం! ఏఆర్‌టీ ఆపలేదు, ఫంగస్‌కిచ్చే ఫ్లూకోనజోల్ ఆపలేదు. వెన్నులోంచి నీరు తీస్తూ తలలో ప్రెషర్ తగ్గించారు, స్టెరాయిడ్ మొదలుపెట్టి కొన్ని వారాల్లో మెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు.

సీడీ4 100 లోపు ఉన్నవాళ్లు క్రిప్టోకాకస్ రక్తపరీక్ష గురించి మీ సెంటర్‌లో తప్పకుండా అడగండి. తలనొప్పి తిరగబెడితే సొంతంగా మందులు ఆపకండి, అదేరోజు వెళ్లండి.

ఆ రాత్రి బీరువా తెరిచి అన్నయ్య చేత మాత్ర మింగించింది మా వదిన. ఇంట్లోవాళ్లకు థాంక్స్ చెప్పే అలవాటు మాకు లేదు. వదినా, నీకు ఇక్కడ చెబుతున్నాను.