బూజు పేరుతో బూచి చూపించకండి

ఎడిటర్ గారికి,

పోయిన ఆదివారం మీ పేపర్లో 'ల్యాబుల్లో రాక్షస బూజు' అని అంత లావు అక్షరాలతో వేశారు, బూజుల జన్యువులు మార్చి చేసే పరిశోధనలను భూతంలా చూపించారు. పోనీలే అని నాలుగు రోజులు ఊరుకున్నాను. ఈ పొద్దున కొర్లగుంటలో టీ అంగడి దగ్గర ఇద్దరు పెద్దమనుషులు "మళ్లీ కరోనా మాదిరి వదులుతారంట" అని మాట్లాడుకుంటుంటే ఇక ఆగలేకపోయాను.

అయ్యా, ఆ పరిశోధనల్లో ఎక్కువగా జరిగేది బూజుకు కొత్త కోరలు తగిలించడం కాదు, ఉన్న కోరల్లో ఏది కరుస్తోందో ఒక్కొక్కటీ పీకి చూడడం. 2021లో మనల్ని ఏడిపించిన బ్లాక్ ఫంగస్‌నే తీసుకోండి. దాన్ని తెచ్చే రైజోపస్ అనే బూజు మీద కాట్‌హెచ్ అనే ప్రోటీన్ ఉంటుంది, దాంతోనే మన రక్తనాళాల లోపలి పొరను పట్టుకుంటుంది. జన్యువుల్లో మార్పు చేసి ఆ ప్రోటీన్ తగ్గిస్తే ఎలుకల్లో జబ్బు జోరు తగ్గిందని 2014లోనే తేల్చారు. ఒంట్లో షుగర్, ఐరన్ పెరిగితే అది పట్టుకునే కొక్కేలు మన కణాల మీద ఇంకా ఎక్కువవుతాయట. షుగర్ ఉన్నవాళ్లనే అది ఎందుకు ఎక్కువగా వెతుక్కుంటూ వచ్చిందో మా ఇంట్లో అప్పుడు ఎవరికీ తెలీదు.

మా బావమరిదికి ఎడమ కన్ను తీసేశారు. ఆ బూజును చంపే యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం ఎన్ని అంగళ్లు తిరిగానో, దొరికిన నాలుగింటిని థర్మాకోల్ డబ్బాలో ఐసు ముక్కల మధ్య పెట్టి ఒళ్లో పట్టుకుని బస్సులో ఎట్లా వచ్చానో నాకే తెలుసు. అది 1950ల నాటి మందు. కిడ్నీలు ఏమవుతాయో అని రోజూ టెన్షన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో 19 ప్రమాదకర ఫంగస్‌ల జాబితా ఇచ్చింది, వాటికి ఉన్న మందుల రకాలేమో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ ల్యాబులు మూసేస్తే కొత్త మందు ఆకాశం నుంచి ఊడిపడుతుందా?

భయమే వద్దని నేననను. ఇలాంటి ప్రయోగాలకు 1989 నుంచే మన దేశంలో రూల్స్ ఉన్నాయి, ఇవి చేసే ప్రతి సంస్థలో ప్రయోగాల భద్రత చూసే బయోసేఫ్టీ కమిటీ ఉండాలి. అది నిజంగా కూర్చుంటోందా, కాగితం మీదే సంతకాలు పెడుతోందా అని మీ రిపోర్టరు అడిగి రాసి ఉంటే చేతులెత్తి దండం పెట్టేవాణ్ని. అది కష్టం కదా, రాక్షసుడి బొమ్మ వేయడం సులభం.

బూజు తప్పించుకుని వస్తుందని అంత బెంగగా ఉంటే మా వీధి చివరికి రండి. ఏదో ఆస్పత్రి పారేసిన పసుపు కవర్లు, లోపల రక్తం దూది, సెలైన్ పైపులు, చెత్తకుప్పలో కుక్కలు లాగుతుంటాయి. మూడుసార్లు ఫిర్యాదు చేశాను. మూడుసార్లూ 'పరిష్కరించబడినది' అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. కవర్లు నిన్న సాయంత్రం కూడా అక్కడే ఉన్నాయి.

— ఒక పాఠకుడు, తిరుపతి