మొదట కబురు చెప్పిన కాపరి నష్టపోకూడదు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. ఏ దేశంలోనైనా పశువులకు అంటురోగం సోకిందన్న వార్త రాగానే, దాని వెన్నంటే ఇరుగుపొరుగు దేశాలు ఆ దేశపు పశువుల, మాంసపు దిగుమతిని ఆపేశాయన్న మరో వార్త వస్తుంది. సరిహద్దు మూసేస్తే రోగం ఆగిపోతుందన్న నమ్మకం ప్రభుత్వాలకే కాదు, పాఠకులమైన మనకూ గట్టిగానే ఉంది. నేను ఈ లేఖ రాయడానికి కారణం ఆ నమ్మకమే. నిషేధాలు అసలే వద్దని నేను అనను. రోగం ముమ్మరంగా ఉన్నప్పుడు పశువుల రవాణా ఆపక తప్పదు. అయితే సరిహద్దులు దాటే పశువుల వ్యాపారం సురక్షితంగా సాగాలంటే అసలు చూడవలసింది సరిహద్దు గేటును కాదు. మందలో మొదటి పశువు జబ్బుపడిన రోజున ఆ కబురు ఎవరికి, ఎంత తొందరగా అందిందో చూడాలి. ఆ కబురు చెప్పినవాడే నష్టపోయే పరిస్థితి ఉన్నంతకాలం ఎన్ని తనిఖీ కేంద్రాలు కట్టినా పెద్దగా ఫలితం ఉండదు.

సరిహద్దు తనిఖీ కేంద్రంలో జరిగేదేమిటో ఒకసారి చూడండి. లారీలో ఒకదానికొకటి ఒరుసుకుంటూ నిలబడిన పశువులను అధికారి బయటినుంచే పరికిస్తాడు. నోటివెంట చొంగ కారుతోందా, ఏదైనా కుంటుతోందా అని చూస్తాడు. అనుమానం వచ్చినదాన్ని దింపించి నాలుక మీద, గిట్టల నడుమ పుండ్లున్నాయేమో పరీక్షిస్తాడు. కాగితాలకూ, చెవి ట్యాగులకూ పొంతన కుదిరిందో లేదో సరిచూసి పంపేస్తాడు. అతడు ఎంత నిజాయితీపరుడైనా కంటికి కనబడని దాన్ని పట్టుకోలేడు. గాలికుంటు సోకిన పశువులో లక్షణాలు బయటపడడానికి 2 నుంచి 14 రోజులు పట్టవచ్చు. నోట్లో బొబ్బ లేవకముందే వైరస్ బయటికి రావడం మొదలవుతుంది. ఊపిరితిత్తులకు సోకే సాంక్రామిక రోగాన్ని కొన్ని పశువులు నెలల తరబడి పైకి తెలియకుండా మోస్తాయి. చూడి జీవాలు ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లోసిస్ రోగం ఉన్న గొర్రె ఆరోగ్యంగా ఉన్న గొర్రెలాగే కనబడుతుంది. అందువల్ల గేటు దగ్గర ఇచ్చే ధ్రువపత్రానికి విలువ రావాలంటే, ఆ పశువు పుట్టి పెరిగిన చోట గడిచిన కొన్ని నెలల్లో ఏం జరిగిందో చెప్పగలిగినవాళ్లు ఉండాలి. అలాంటివాళ్లు లేనిచోట ధ్రువపత్రం ఉత్త కాగితమే.

సరిహద్దుల మీదుగా రోగం ప్రయాణించడం కొత్త విషయమేమీ కాదు. 1920లో దక్షిణాసియా నుంచి బ్రెజిల్‌కు ఓడలో వెళుతున్న పశువులను దారిలో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో దించారు. వాటితోపాటు రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి కూడా దిగింది. ఆ దెబ్బ తిన్న తరువాతే 1924 జనవరిలో 28 దేశాలు కలిసి, పారిస్ కేంద్రంగా, ఇవాళ ప్రపంచ పశు ఆరోగ్య సంస్థగా పిలుస్తున్న అంతర్జాతీయ సంస్థను స్థాపించుకున్నాయి. తమ గడ్డమీద రోగం కనబడితే తక్షణం మిగతా దేశాలకు తెలియజేయాలన్నదే ఆ ఒప్పందంలోని కీలకమైన బాధ్యత. నూరేళ్ల కిందటే ఆ దేశాలకు అర్థమైన సంగతి ఇది: ఎవరి గేటు వాళ్లు కాపాడుకుంటే చాలదు, ఎదుటివాడు నిజం చెబుతాడన్న భరోసా కూడా కావాలి.

నిజం చెప్పకపోతే ఏమవుతుందో 2001లో బ్రిటన్ చూసింది. ఫిబ్రవరి 20న ఎసెక్స్‌లోని ఒక కబేళాలో పందులకు గాలికుంటు ఉన్నట్లు నిర్ధారణ అయింది. ఆరా తీస్తే మూలం వందల కిలోమీటర్ల దూరంలో, ఉత్తరాన ఉన్న ఒక పందుల పెంపకశాలలో తేలింది. సరిగా ఉడికించని ఎంగిలి ఆహారాన్ని పందులకు మేతగా వేయడం వల్ల రోగం వచ్చి ఉంటుందని అధికారులు భావించారు. రోగం సంగతి తెలియజేయలేదన్న నేరం ఆ యజమానిపై న్యాయస్థానంలో రుజువైంది. ఆలోగా చుట్టుపక్కల గొర్రెలకు వైరస్ సోకి, సంతల మీదుగా చేతులు మారి దేశం నలుమూలలకూ చేరింది. పశువుల కదలికలను నిషేధించేసరికి ఫిబ్రవరి 23 వచ్చింది. అప్పటికే జరగవలసినదంతా జరిగిపోయింది. 60 లక్షలకు పైగా పశువులను, గొర్రెలను, పందులను వధించవలసి వచ్చింది. నష్టం దాదాపు 800 కోట్ల పౌండ్లు. ఐర్లాండ్, ఫ్రాన్స్, నెదర్లాండ్స్‌లకూ రోగం పాకింది. పశువైద్యులకు, ప్రయోగశాలలకు, డబ్బుకు కొరత లేని దేశంలోనే కబురు ఆలస్యమైతే ఇంత జరిగింది.

ఇక కాపరి ఎందుకు దాస్తాడన్న ప్రశ్నకు వద్దాం. ఈ విషయంలో అధికారుల మాటల్లో తరచూ వినబడేది అతని అజ్ఞానం గురించి. నా దృష్టిలో అది చాలావరకు తప్పు అంచనా. మందలో ఏ మేక మేత తినడం తగ్గించిందో, ఏది వెనకబడుతోందో, చూడి గొర్రెలు ఒకదాని వెంట ఒకటి ఎందుకు ఈసుకుపోతున్నాయో కాపరికి తెలిసినంత మరొకరికి తెలియదు. చాలా ఇళ్లలో పాలు పితికే ఆడవాళ్లు, పిల్లజీవాలకు కాపలా ఉండే పిల్లలు అతనికంటే ముందే గుర్తిస్తారు. గుర్తించాక ఏం చేయాలన్నదే వాళ్లకు చిక్కు. కబురు చేస్తే అధికారులు వస్తారు, మందను కదలనివ్వరు, సంత మూయిస్తారు, రోగం ఖాయమైతే జీవాలను చంపించవచ్చు. పరిహారం ఎప్పుడొస్తుందో తెలియదు, వస్తే ఎంతో తెలియదు. ఇరుగుపొరుగు మందలవాళ్లు మాత్రం మా పొట్ట కొట్టింది వీడే అంటారు. కబురు చేయకుండా ఆ రాత్రికి రాత్రే ఆరోగ్యంగా కనిపించే జీవాలను తోలుకెళ్లి అమ్మేస్తే చేతికి డబ్బులొస్తాయి. పిల్లల చదువు, ఇంటి ఖర్చు అన్నీ ఆ మంద మీదే ఆధారపడినవాడు రెండో దారి తొక్కితే తప్పు అతనొక్కడిదే అనలేం. ఆ దారిని లాభసాటిగా ఉంచిన వ్యవస్థదీ తప్పే.

అందుకే పరిహారాన్ని దయతో చేసే సాయంగా కాకుండా, రోగ నిఘాకు పెట్టే పెట్టుబడిగా చూడాలి. చంపించిన జీవానికి దాదాపు బజారు ధర చెల్లించాలి. మరీ తక్కువైతే దాస్తారు. బజారు ధరను మించిపోతే రోగాన్ని కోరి తెచ్చుకునేవాళ్లూ బయలుదేరతారు. అంతకంటే ముఖ్యమైనది వేళకు చెల్లించడం. ఏడాది తరువాత వచ్చే పరిహారం తరువాతి కాపరికి ధైర్యమివ్వదు. కబురు చేసిన తరువాత చచ్చిన జీవాలకు చెల్లించి, దాచి ఉంచగా బయటపడిన మందకు చెల్లించకపోతే, ఆ తేడా ఒక్కటే ఎన్నో అవగాహన సభల కంటే బాగా పనిచేస్తుంది.

ఇదే చిక్కు దేశాలకూ ఉంది. దీనికి ఆఫ్రికా కొమ్ము ప్రాంతం కంటే స్పష్టమైన ఉదాహరణ లేదు. సోమాలియా, ఇథియోపియా పచ్చిక మైదానాల నుంచి గొర్రెలు, మేకలు, ఒంటెలు బెర్బెరా వంటి రేవుల మీదుగా ఎర్ర సముద్రం దాటి అరేబియాకు వెళతాయి. హజ్ రోజుల్లో గిరాకీ మరీ ఎక్కువ. 1997-98లో భారీ వర్షాల తరువాత తూర్పు ఆఫ్రికాలో, దోమల ద్వారా పశువులకు సోకే రిఫ్ట్ వ్యాలీ జ్వరం చెలరేగడంతో సౌదీ అరేబియా దిగుమతులు ఆపేసింది. 2000లో ఆ జ్వరం సౌదీ, యెమెన్‌లలోనే బయటపడింది; ఆఫ్రికా ఖండం వెలుపల అది కనబడడం అదే మొదలు. మళ్లీ పడిన నిషేధం 2009 దాకా సాగింది. ఆ రోగం మనుషుల ప్రాణాలు కూడా తీస్తుంది కాబట్టి దిగుమతి దేశపు భయం న్యాయమైనదే. కానీ ఏళ్ల తరబడి సాగిన ఆ నిషేధంలో జీవాలు తప్ప మరో ఆధారం లేని కుటుంబాలు చితికిపోయాయి, ఉన్న వ్యాపారంలో కొంత దొంగదారులు పట్టింది. దొంగదారిన వెళ్లే జీవానికి పరీక్షా ఉండదు, క్వారంటైనూ ఉండదు. నిషేధం దేన్ని ఆపాలనుకుందో దానికే అది మరో మార్గం తెరిచింది. తరువాత రేవుల దగ్గర క్వారంటైన్ కేంద్రాలు వచ్చాయి, టీకాలు, పరీక్షలు పెరిగాయి. 2014లో సోమాలియా నుంచి దాదాపు 50 లక్షల జీవాలు గల్ఫ్ దేశాలకు ఎగుమతి అయ్యాయి. అయినా రిఫ్ట్ వ్యాలీ జ్వరం భయంతోనే 2016 చివర్లో మళ్లీ నిషేధం పడింది. రేవు దగ్గర కట్టినంత శ్రద్ధగా మందల దగ్గర వ్యవస్థను కట్టకపోతే వ్యాపారం ఎప్పుడూ మరో నిషేధానికి ఇలా ఒక వానాకాలం దూరంలోనే ఉంటుంది.

నిజానికి ఈ జ్వరం విషయంలో ముందుచూపుకు అవకాశం ఎక్కువ. దాన్ని మోసే దోమలు వరదనీటిలో పుడతాయి కాబట్టి, సముద్రాల వేడిని, వానలను, పచ్చదనాన్ని ఉపగ్రహాలతో గమనిస్తూ ప్రమాదాన్ని వారాల ముందే పసిగట్టవచ్చు. 2006-07లో తూర్పు ఆఫ్రికాకు అలాంటి హెచ్చరిక అందింది కూడా. అయితే టీకాలు వేయవలసింది వానలకు ముందే. రోగం మొదలయ్యాక మంద అంతటికీ ఒకే సూదితో టీకా వేస్తూ పోతే ఆ సూదే రోగాన్ని ఒకదాని నుంచి మరొకదానికి చేరవేస్తుంది. హెచ్చరిక అందిన రోజున టీకా మందు నిల్వ, దాన్ని చల్లగా ఉంచే పెట్టెలు, వేసే మనుషులు, వాళ్ల ప్రయాణానికి ఇంధనం సిద్ధంగా లేకపోతే ఉపగ్రహం చూసి చెప్పినా ఉపయోగం ఉండదు. పశు ఆరోగ్య వ్యవస్థ అంటే ఆకర్షణ లేని ఈ ఏర్పాట్లే. బడ్జెట్లలో మొదట కోత పడేది కూడా వీటికే.

నిజం చెప్పిన దేశానికి మేలు జరిగే మార్గం అంతర్జాతీయ నియమాల్లో లేకపోలేదు. 1995 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ వాణిజ్య సంస్థ పారిశుద్ధ్య ఒప్పందం ప్రకారం, రోగం ఒక ప్రాంతానికే పరిమితమైనప్పుడు మిగతా ప్రాంతపు వ్యాపారాన్ని విడిగా చూడాలి. 2025 జనవరిలో జర్మనీలో, బెర్లిన్ సమీపాన, ఒక గేదెల మందలో గాలికుంటు బయటపడింది. 1988 తరువాత ఆ దేశంలో అదే మొదటిసారి. వెంటనే ప్రకటించారు, చుట్టూ కట్టడి చేశారు, అనుమానమున్న చోట్ల పరీక్షలు జరిపారు. మార్చి నెలకల్లా కట్టడి మండలానికి వెలుపలి ప్రాంతానికి రోగరహిత హోదా తిరిగి దక్కింది. ఇదే వెసులుబాటు పేద దేశాలకు కాగితం మీద ఉంది గానీ చేతికి అందదు. మండలపు గీత గీయాలంటే గీతకు అవతల రోగం లేదని నిరూపించాలి. అందుకు నమూనాలు సేకరించేవాళ్లు, వాటిని పాడుకాకుండా చేర్చే దారి, నమ్మదగిన ప్రయోగశాల, ఏ జీవం ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్లిందో చెప్పే ట్యాగు లెక్కలు ఉండాలి. ఇవి లేని దేశం నిజం చెబితే దేశం మొత్తం మీద నిషేధం పడుతుంది. ఇక ఆ దేశపు అధికారులు కబురు తొక్కిపెట్టారంటే ఆశ్చర్యమేముంది? దిగుమతి చేసుకునే సంపన్న దేశాలు తమ గేటు మీద పెట్టే ఖర్చులో కొంత ఎగుమతి దేశాల ప్రయోగశాలల మీద పెడితే, అది వాళ్లకే ఎక్కువ రక్షణ.

ఇదంతా ఆచరణలో అయ్యే పనేనా అన్న సందేహం కలిగేవారు రిండర్‌పెస్ట్ చివరి దశను గుర్తు చేసుకోవాలి. టీకా ఎప్పుడో వచ్చినా, యుద్ధాలతో రోడ్లు తెగిపోయిన మారుమూల పచ్చిక మైదానాల్లో ఆ రోగం బతికే ఉంది. అక్కడికి ప్రభుత్వ పశువైద్యుడు వెళ్లలేకపోయాడు. వేడిని తట్టుకుని నెల వరకు ఫ్రిజ్ లేకుండా నిలిచే టీకాను తయారుచేసి, కాపరుల్లోంచే కొందరికి శిక్షణ ఇచ్చి వాళ్ల చేతికి ఇచ్చాక పని సాగింది. ఇథియోపియాలోని అఫార్ ప్రాంతంలో, దక్షిణ సూడాన్‌లో వాళ్లే మందల వెంట నడిచి టీకాలు వేశారు, వాళ్లే రోగం జాడ చెప్పారు. 2001లో కెన్యాలో కనబడినదే చివరి కేసు. 2011లో ఆ రోగం ప్రపంచం నుంచి తొలగిపోయినట్లు ప్రకటించారు. మశూచి తరువాత మనిషి పూర్తిగా నిర్మూలించగలిగిన రెండో వ్యాధి అది.

ఇప్పుడు రిండర్‌పెస్ట్ వైరస్ కుటుంబానికే చెందిన పీపీఆర్, అంటే గొర్రెలు, మేకలకు వచ్చే పారుడు రోగం, మన ముందుంది. 2030 నాటికి దాన్ని నిర్మూలించాలని 2015లో ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్ నగరంలో దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి. టీకా మంచిది, ఖరీదైనది కాదు, ఒకసారి వేస్తే ఏళ్లపాటు రక్షణ ఇస్తుంది. అయినా 2024 వేసవిలో ఆ రోగం గ్రీస్, రొమేనియాల దాకా వెళ్లింది. మిగిలిన వ్యవధి తక్కువ. కాబట్టి సరిహద్దుకు ఇరువైపులా ఒకే మేతకు, ఒకే నీటికి తిరిగే మందలకు రెండు దేశాలూ ఒకే వారాల్లో టీకా వేయాలి. ఒక పక్క వేసి మరో పక్క వదిలేస్తే చేసిన ఖర్చు వృథా. ఒక దేశపు టీకా ట్యాగును పక్క దేశం గుర్తించాలి. రెండు వైపుల జిల్లా పశువైద్యులు రాజధానుల అనుమతి కోసం ఎదురుచూడకుండా నేరుగా మాట్లాడుకునే అధికారం కావాలి. ఎగుమతి అయ్యే ప్రతి జీవం మీద వసూలుచేసే రుసుములో ఒక నిర్ణీత భాగాన్ని ఖజానాలో కలపకుండా, మంద స్థాయి పశువైద్య సహాయకుల జీతానికీ, పరిహార నిధికీ చట్టప్రకారం కేటాయించాలి. వ్యాపార ఒప్పందాల మీద సంతకాలు చేసే మంత్రులు సుంకాల పట్టికతోపాటు ఈ నిధి వివరాలను కూడా ప్రకటించేలా తమ పత్రిక అడగాలని నా మనవి.

భవదీయుడు,
పశుపోషణ విషయాలను అనుసరించే ఒక పాఠకుడు