మా అమ్మ మందుల పొట్లాల గురించి పన్నెండు రోజులుగా జవాబు ఇవ్వనందుకు ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

పన్నెండు రోజుల్లో మీకు తొమ్మిదిసార్లు ఫోన్ చేశాను, నాలుగు మెయిల్స్ పెట్టాను. ఇది ఐదోది. దీన్నైనా ఎవరో ఒకరు చివరిదాకా చదువుతారని రాస్తున్నాను.

మా అమ్మకు 72 ఏళ్లు. కాకినాడలో ఒక్కతే ఉంటుంది, నేను హైదరాబాద్‌లో. నాన్న ఉన్నన్నాళ్లూ ప్రతి మాత్రల షీటు మీదా స్కెచ్ పెన్‌తో "పరగడుపున", "టిఫిన్ తర్వాత" అని రాసి పెట్టేవారు. ఆయన పోయాక ఆ పని మీకు అప్పజెప్పాను. ఏ పూట మందులు ఆ పూట పొట్లంలో వస్తాయని నమ్మి మూడేళ్లుగా ఒక్క నెల తప్పకుండా డబ్బు కట్టాను. మా అపార్ట్‌మెంట్‌లో ఇంకో మూడు కుటుంబాలను మీ దగ్గర చేర్పించింది కూడా నేనే.

ఈ నెల రోజుకు నాలుగు పొట్లాలు కాస్తా రెండయ్యాయి. థైరాయిడ్, కాల్షియం, షుగర్, బీపీ మాత్రలన్నీ "ఉదయం 7" అన్న ఒకే పొట్లంలో. థైరాయిడ్ మాత్రకూ కాల్షియానికీ కనీసం నాలుగు గంటల తేడా ఉండాలి, లేకపోతే థైరాయిడ్ మందు ఒంటికి సరిగ్గా పట్టదు. షుగర్‌కి ఇచ్చే గ్లిమెపిరైడ్ వేసుకుని తినకుండా ఉంటే షుగర్ పడిపోతుంది. అమ్మ పొట్లం మీద ఉన్నట్టే ఏడింటికి అన్నీ మింగి పూజకు కూర్చుంది. తొమ్మిదింటికి ఒళ్లంతా చెమటలు, చేతులు వణికి హారతి పళ్లెం జారిపోయింది. ఆ చప్పుడుకి పక్కింటి పిన్నిగారు వచ్చి పంచదార నీళ్లు తాగించబట్టి సరిపోయింది.

పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ఆ ఒక్కదానికే అయితే ఇంత రాసేదాన్ని కాదు. ఆ రోజు నేను అడిగింది ఒకటే: "ఇంకా ఇరవై ఆరు రోజుల పొట్లాలు ఇంట్లో ఉన్నాయి. రేపు పొద్దున అమ్మ ఏది వేసుకోవాలి, ఏది తీసి పక్కన పెట్టాలి? మీ ఫార్మసిస్ట్‌తో ఐదు నిమిషాలు మాట్లాడించండి."

మొదట మాట్లాడిన అమ్మాయి "అసౌకర్యానికి చింతిస్తున్నాం మేడమ్" అని మూడుసార్లు అని, పొట్లం ఫొటో పంపమంది. పంపాను. మర్నాడు ఇంకొకతను మళ్లీ ఆర్డర్ నంబర్ నుంచి మొదలుపెట్టి, మళ్లీ ఫొటో అడిగాడు. మూడో ఆయన "డాక్టర్ చీటీలో ఉన్న మందులే కదా వచ్చాయి, తప్పు మందు రాలేదు కదా మేడమ్" అన్నారు. వేళ తప్పితే సరైన మందే మనిషిని పడేస్తుందని మందుల కంపెనీకి నేను చెప్పాలా? ఆ తర్వాత ఒకావిడ 150 రూపాయల కూపన్ ఇస్తానన్నారు. మా అమ్మ కింద పడబోయిందని చెబితే కూపన్! ఫార్మసిస్ట్ 48 గంటల్లో ఫోన్ చేస్తారన్నారు. ఐదో రోజున వచ్చింది, ఒక్క రింగుకే ఆగిపోయింది. తిరిగి చేస్తే పోలేదు. సాయంత్రానికి "మీ సమస్య పరిష్కరించబడింది, రేటింగ్ ఇవ్వండి" అని మెసేజ్.

చివరికి మా డాక్టర్ గారినే అడిగి తెలుసుకున్నాను. ఇప్పుడు రోజూ ఆరున్నరకి వీడియో కాల్. అమ్మ పొట్లం కత్తిరించి మాత్రలు స్టీలు పళ్లెంలో పోస్తుంది. తెల్లగా, గుండ్రంగా ఉన్నవి రెండు. ఒక్కోటి కెమెరా దగ్గరకి తెచ్చి "ఇదా అమ్మా, ఇదా?" అంటుంది. ఆమె చెయ్యి అడ్డం వచ్చి నాకు సరిగ్గా కనబడదు. నాకు నెట్ పోతే ఆ రోజు పరిస్థితి ఏమిటి?

మీ ఫార్మసిస్ట్ నాతో మాట్లాడాలి. పాత పద్ధతిలో నాలుగు పొట్లాలు రావాలి. మిగతా ముసలివాళ్ల ఇళ్లకు కూడా ఇలాగే వెళ్లాయేమో చూసి, వాళ్లకు చెప్పాలి. ఈ వారంలో ఇది జరగకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను, డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి ఈ పొట్లాలే తీసుకెళ్లి చూపిస్తాను. నేను చేర్పించిన మూడు కుటుంబాలకూ ఇప్పటికే జరిగింది చెప్పాను.

నా నంబర్ మీ దగ్గర ఉంది. ఈసారి నేను ఎత్తేదాకా రింగ్ అవ్వనివ్వండి.

ఇట్లు,
మూడేళ్లుగా మీ కస్టమర్