చెస్టర్‌ఫీల్డ్ శిఖరం వంకరకి సైతాను ఒక్కడే కారణమా?

సంపాదకుల గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ విశేషాల పేజీలో ఇంగ్లండ్‌లోని చెస్టర్‌ఫీల్డ్ చర్చి ఫొటో వేశారు, అదే మెలి తిరిగిన శిఖరం ఉన్నది. కింద మాత్రం కథ ఒక్కటే: బోల్సోవర్ అనే ఊరి కమ్మరి సైతాను కాలికి నాడా కొడుతుంటే మేకు దిగబడి, వాడు నొప్పితో ఎగురుతూ శిఖరాన్ని తన్నాడని. సరదాగానే ఉంది కాదనను, కానీ అసలు సంగతి ఇంకా బాగుంటుంది కదండీ, నేను పక్కనే షెఫీల్డ్‌లో ఉంటా కాబట్టి రాస్తున్నా.

ఆ శిఖరం 1362 ప్రాంతంలో కట్టింది, ఎత్తు 228 అడుగులు, లోపలంతా చెక్క, పైన సీసం రేకులు. 45 డిగ్రీలు మెలి తిరిగి తొమ్మిదిన్నర అడుగులు పక్కకి ఒరిగింది. పచ్చి చెక్క వాడారు అందుకే వంగింది అని అందరూ తేల్చేస్తారు, మరి ఆ కాలంలో ఓక్ చెక్కని పచ్చిగా ఉన్నప్పుడే కోసి వాడేవాళ్ళు, ఎందుకంటే ఎండితే ఉలి దిగదు, అలా కట్టినవి బోలెడు నిటారుగానే ఉన్నాయి. ఇక్కడ లోపల అడ్డ దూలాలు సరిపడా వెయ్యలేదు. 1348-49 ప్లేగులో దేశంలో మూడో వంతుకి పైగా జనం పోయారు, తెలిసిన వడ్రంగులు మిగల్లేదు అందుకే ఇలా అయింది అంటారు, అయ్యుండొచ్చు. నాకైతే అసలు ముద్దాయి సీసమే అనిపిస్తుంది. సుమారు 33 టన్నుల బరువు, పైగా దక్షిణం వైపు ఎండ పడి అటు రేకులు ఎక్కువ సాగుతాయి, ఏళ్ళ తరబడి అదే వరస అయితే కింద చెక్క ఏం చేస్తుంది పాపం. రేకులు కూడా ఏటవాలు గళ్ళలా పరిచారు, దాంతో ఉన్న వంకర ఇంకాస్త ఎక్కువ కనపడుతుంది.

1961 డిసెంబర్‌లో చర్చి లోపల మంటలంటుకుని 1756 నాటి ఆర్గాన్ వాద్యం కాలిపోయింది, శిఖరం మాత్రం దక్కింది. ఇంగ్లీషులో స్పైర్ అంటే శిఖరం, ఊరి ఫుట్‌బాల్ టీమ్‌ని కూడా స్పైరైట్స్ అనే పిలుస్తారు, అంటే ఆ వంకర వాళ్ళకి సిగ్గేం కాదన్నమాట!

ఇంకోటి, ఫొటో కింద కేథడ్రల్ అని వేశారు. కేథడ్రల్ అంటే బిషప్ పీఠం ఉండే చర్చి. ఇది కాదండీ, అది ఊరివాళ్ళ పారిష్ చర్చే, డెర్బీషైర్‌లో అన్నిటికంటే పెద్ద చర్చి అయినా సరే. ఆ జిల్లాకి కేథడ్రల్ డెర్బీలో ఉంది, అదీ 1927లో అయింది. వీలైతే సవరణ వెయ్యండి.

- ఒక పాఠకుడు, షెఫీల్డ్