మూడు తీగల జాక్‌తో ముప్పుతిప్పలు

సంపాదకుడు గారికి నమస్కారం.

కంచరపాలెంలో ముప్పై ఏళ్లుగా రేడియోలు, టేప్‌రికార్డర్లు, ఇప్పుడు ఆంప్లిఫైయర్లు బాగుచేసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. మీ పాఠకుల్లో చిన్న ఆంప్లిఫైయర్ బోర్డులు కొనేవాళ్లు, గుడి మైకులు చూసుకునేవాళ్లు ఉంటారని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొన్న మా వీధి కుర్రాడు అరచేతిలో పట్టే బోర్డొకటి తెచ్చి బల్ల మీద పడేశాడు. టీపీఏ3116 చిప్పుది. "బాబాయ్, ఇది డూప్లికేట్ సరుకు. ఒక్కో స్పీకర్ విడిగా పెడితే బాగానే ఉంది, రెండూ పెడితే బేస్ చచ్చిపోతోంది" అన్నాడు. రోగం ఆ మాటలోనే ఉంది. రామాలయంలో మైకుల సౌండంతా కలిపే మిక్సర్ పెట్టెకున్న ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల గుండ్రటి ప్లగ్గు) అవుట్‌పుట్‌లో రెండో పిన్నును బోర్డు లెఫ్ట్‌కీ, మూడో పిన్నును రైట్‌కీ టంకం పెట్టేశాడు. మూడు తీగలున్నాయి కదా, స్టీరియో అనుకున్నాడు.

అది స్టీరియో కాదు, బ్యాలెన్స్‌డ్. ఒకటో పిన్ను గ్రౌండ్. రెండోదాంట్లో పాట వస్తుంది, మూడోదాంట్లో అదే పాట తలకిందులుగా వస్తుంది. అందుకునే మిక్సరో ఆంప్లిఫైయరో ఒకదాంట్లోంచి రెండోది తీసేస్తుంది. దారిలో అంటుకున్న 50 హెర్ట్జ్ కరెంటు గుర్రు రెండు తీగల్లోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి ఆ తీసివేతలో పోతుంది, పాట నిలుస్తుంది. మనవాడి బోర్డులో ఆ తీసివేత జరగలేదు. ఒక స్పీకర్ గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. ఇక బేస్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

దీనికి ఎదురు తప్పు కూడా చూశాను. ఓ భజనలో ఫోన్‌కి స్టీరియో కేబుల్ తగిలించి, రెండో కొస మిక్సర్ బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో పెట్టారు. ఫోన్ జాక్‌లో కొస ఎడమ, దాని వెనకున్న రింగు కుడి. మిక్సర్ ఎడమలోంచి కుడిని తీసేసింది. పాడే గొంతు మామూలుగా రెండు పక్కలా సమానంగా రికార్డవుతుంది కనక అదే మాయమైంది. పక్కవాద్యాలు మాత్రం దూరంగా వినిపిస్తున్నాయి. పాపం, ఫోన్ మార్చారు, పాట మార్చారు, ఆఖరికి మైకువాణ్ణి తిట్టారు.

బ్యాలెన్స్‌డ్ మిక్సర్ నుంచి చిన్న బోర్డుకి రావాలంటే రెండో పిన్నును లెఫ్ట్, రైట్ రెండింటికీ, ఒకటో పిన్నును గ్రౌండ్‌కీ కలపాలి. మూడో పిన్ను దగ్గరే మా మెకానిక్కుల్లో మాకే పడదు. లోపల అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మిక్సరైతే దాన్ని ఒకటోదానితో కలపాలి, లేకపోతే సౌండు సరిగా రాదు. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఐసీలతో, అంటే చిప్పులతో, నడిచేదైతే వదిలేయడమే మేలని నా మాట. గ్రౌండ్‌కి కలిపితే కొన్నింట్లో ఐసీ వేడెక్కి సౌండు చీలుతుంది. ఫోన్ నుంచి మిక్సర్‌కైతే ఎడమ, కుడి తీగల్ని నేరుగా ముడేయకుండా చెరో వెయ్యి ఓముల రెసిస్టర్ పెట్టి కలిపి జాక్ కొసకి ఇవ్వండి. రింగును గ్రౌండ్‌కి కలపండి.

మిక్సర్ అవుట్‌పుట్ లెవెల్ మామూలుగా 1.23 వోల్టులు, ఇంట్లో వాడే ఆడియో సామాన్లది 0.3 వోల్టుల చిల్లర. ఆ తేడా తెలియక మాస్టర్ పూర్తిగా పెంచి, బోర్డులో సౌండు పగులుతోందంటారు. ఇంకోటి, ఇలాంటి బోర్డుల్లో స్పీకర్ మైనస్ అంటే గ్రౌండ్ కాదు. రెండు మైనస్‌లూ కలిపి ఒకే తీగ లాగితే బోర్డు ఆగిపోతుంది, లేదా కాలుతుంది.

గుర్రు పోతుందని ల్యాప్‌టాప్ చార్జర్ ఎర్త్ కాలు విరిచేసేవాళ్లున్నారు. తడి నేల మీద నిలబడి మైకు పట్టుకునే పంతులుగారి ప్రాణంతో ఆటలా? సౌండు తీగ మధ్యలో ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోండి. అసలు మన విశాఖ ఉప్పుగాలికి చిలుము పట్టిన జాకుల్ని ముందు శుభ్రం చేసి చూడండి.

డాబాగార్డెన్స్‌లో అమ్మేవాళ్లయినా, ఆన్‌లైన్‌లో పంపేవాళ్లయినా బోర్డుతో పాటు ఈ పిన్నుల బొమ్మ తెలుగులో ఒక చీటీ మీద వేసి ఇవ్వాలని నా మనవి. కేబుల్ మీద 'స్టీరియో' అనో 'బ్యాలెన్స్‌డ్' అనో ఒక్క మాట ఉండాలి. రెండూ చూడ్డానికి ఒకటే మరి. కుర్రాడి బోర్డు ఇప్పుడు రామాలయంలోనే మోగుతోంది. దాని తీగకి తెల్ల టేపు చుట్టి ఆ మాట నేనే రాసిచ్చాను.

ఇట్లు,
ఒక రేడియో మెకానిక్,
కంచరపాలెం, విశాఖపట్నం