మీ నెగటివ్‌లు నా దగ్గరున్నాయి, వచ్చి తీసుకెళ్లండి

అవనిగడ్డలో మా స్టూడియోకి వచ్చి ఫొటో దిగిన వాళ్లందరికీ, వాళ్ల పిల్లలకీ ఈ సంగతి చేరాలని రాస్తున్నాను.

సంక్రాంతి వెళ్లాక స్టూడియో ముందు గది ఖాళీ చేస్తున్నాను. పెళ్లి ఆర్డర్లు ఇక తీసుకోను. వెనక గదిలో పాస్‌పోర్ట్ ఫొటోలు తీయడం, పాత ఫొటోలు బాగుచేయడం, అంతే. ఫోన్లు వచ్చాక బేరం తగ్గిన మాట నిజమే కానీ, అది చెప్పడానికి కాదు ఈ ఉత్తరం. మా నాన్న 1960ల చివర్లో స్టూడియో పెట్టిన దగ్గర్నుంచి డిజిటల్ కెమెరా వచ్చేదాకా తీసిన నెగటివ్‌లు పదకొండు ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. వాటిని ఎవరివి వాళ్లకి అప్పజెప్పాలి. గది చిన్నదవుతోంది, నాకూ వయసు మీద పడుతోంది.

అంతకంటే ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. పదకొండింటిలో ఒక పెట్టె పాడైపోయింది.

2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు వదిలిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. కరకట్ట ఆగుతుందో లేదోనని ఆ రాత్రి ఊళ్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు. నేనూ మా అబ్బాయీ పెట్టెలన్నీ పక్కింటి డాబా మీదికి మోశాం. కట్ట ఆగింది, మా వీధిలోకి నీళ్లు రాలేదు. కానీ ఒక పెట్టె ఎత్తేసరికి అడుగు రేకు ఊడి చేతిలోకి వచ్చింది. లోపల్నుంచి గుప్పున పుల్లటి వాసన, అచ్చం వెనిగర్ లాగా. ఫిల్ము కుళ్లితే వచ్చే వాసన అది. 1981 నుంచి 84 దాకా తీసిన నెగటివ్‌లు ఒకదానికొకటి అంటుకుపోయి అట్టల్లా అయిపోయాయి.

ఆ పెట్టె సంగతి నాకు అంతకుముందే తెలుసు. కొన్నేళ్ల క్రితం దాని మీద పైకప్పు కారింది. ఒకసారి మూత తీసి, వాసన చూసి, భయపడి మళ్లీ మూసేశాను. ఆ తర్వాత నలుగురైదుగురు ఆ ఏళ్ల ఫొటోల కోసం వచ్చారు. "వెతికి చెప్తానండీ" అన్నాను. వెతకలేదు. వాళ్లలో ఒకావిడ వాళ్లమ్మగారి షష్టిపూర్తి ఫొటో కోసం మూడుసార్లు తిరిగారు. అమ్మా, మీరిది చదువుతుంటే, ఆ ఫొటో ఇక లేదండీ. మొదటిసారి వచ్చినప్పుడే చెప్పాల్సింది. మిమ్మల్ని తిప్పించుకున్నందుకు క్షమించండి.

ఆ పెట్టెలో విడదీయగలిగినవి విడదీస్తున్నాను. అంటుకున్న ఫిల్మును పొడిగా లాగితే బొమ్మ ఊడొస్తుంది. చల్లటి శుభ్రమైన నీళ్లలో నానబెట్టి, మెల్లగా ఒక్కొక్కటీ విప్పి, నీడలో ఆరేయాలి. ఇప్పటికి మూడోవంతు పైగా దక్కాయి. కలర్ నెగటివ్‌లే బాగా దెబ్బతిన్నాయి. బ్లాక్ అండ్ వైట్ కొంచెం గట్టివి, వాటి బొమ్మ వెండితో ఏర్పడుతుంది కాబట్టి రంగుల్లాగా త్వరగా వెలిసిపోదు.

ఇన్నేళ్లుగా ఇవన్నీ ఎందుకు దాచారని మా అబ్బాయి అడిగాడు. చాలా స్టూడియోల వాళ్లు నాలుగైదేళ్లకి పారేసేవాళ్లు. మా నాన్న కూడా అలాగే చేసేవాడేమో, 1977 రాకపోతే.

ఉప్పెన వచ్చిన ఆ నవంబరు 19 నాటికి నాకు తొమ్మిదేళ్లు. శనివారం. మా ఇంటి మీద బెంగుళూరు పెంకులు ఒక్కటి మిగల్లేదు. గాలి హోరు తప్ప ఏమీ వినపడేది కాదు, అమ్మ నా చెవిలో అరిచినా వినపడలేదు. సముద్రం వైపున్న ఊళ్లు, పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటివి, ఏమయ్యాయో మాకు తెలియడానికి రోజులు పట్టింది. పోయినవాళ్లు పది వేలకు పైమాటే. లెక్కల్లోకి రానివాళ్లు ఇంకెందరో.

వారం పది రోజుల తర్వాత, ఒకాయన స్టూడియోకి వచ్చాడు. గడప దగ్గరే నిలబడ్డాడు. ఒంటి మీది బట్టలు తనవి కావు, సాయానికి వచ్చినవాళ్లు ఇచ్చినవి, పొడుగు చాలలేదు. రెండేళ్ల క్రితం చెల్లెలి పెళ్లికి అందరూ కలిసి ఇక్కడికొచ్చి ఫొటో దిగాం, అది ఉందా అన్నాడు. ఏ నెలండీ అని నాన్న అడిగితే "కోతలయ్యాక" అన్నాడు. అంతకుమించి ఆయనకి గుర్తు లేదు.

నాన్న రిజిస్టరులో తారీఖు, ఊరు, డబ్బులు కట్టినవాళ్ల పేరు రాసేవాడు. అటక మీది నుంచి డబ్బాలు దించి, నెగటివ్‌లు ఒక్కొక్కటి వెలుతురుకి పెట్టి చూశాడు. నేను పక్కన కూర్చున్నాను. నెగటివ్‌లో మొహాలు నల్లగా, జుట్టు తెల్లగా కనపడుతుంది, అలవాటు లేని వాళ్లకి ఎవరు ఎవరో తెలియదు. ఆయన మాత్రం నాన్న చేతిలోంచి చూస్తూనే "ఇదే" అన్నాడు. పదకొండు మంది ఉన్నారందులో. ఆయన్ని కాక ఒక్కరే మిగిలారని చెప్పాడు.

కరెంటు లేదు. నెగటివ్‌ని పెద్ద ఫొటోగా ప్రింటు వేసే ఎన్లార్జర్ పని చేయదు. నాన్న లాంతరు చిమ్నీకి ఎర్ర గాజు కాగితం చుట్టి డార్క్ రూమ్‌లో పెట్టాడు. నెగటివ్‌ని నేరుగా పేపరు మీద పరిచి, పైన అద్దం పెట్టి, పెట్రోమాక్స్ లైటు కొన్ని క్షణాలు చూపించి ప్రింటు తీశాడు. అలా తీస్తే ఫొటో నెగటివ్ ఎంత ఉంటే అంతే వస్తుంది. 120 ఫిల్ము అంటే రెండున్నర అంగుళాల లోపు. పదకొండు మంది అంత చిన్న చదరంలో. ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు, మళ్లీ తీసి చూసుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు. గడప దాటేలోపు మూడు సార్లు.

ఆ తర్వాత ఒకరిని చూసి ఒకరు రావడం మొదలైంది. ఆ చలికాలమంతా వచ్చారు. నాన్న ఎవరి దగ్గరా డబ్బులు తీసుకోలేదు. బీరువాలో ఉన్న పేపరు అయిపోతే బెజవాడ వెళ్లి అప్పు మీద తెచ్చాడు. ఒక్కటే లోపం జరిగింది. బొమ్మ చెరిగిపోకుండా నిలబెట్టే మందు నీళ్లలోంచి, అంటే హైపోలోంచి, తీసిన ఫొటోని చాలాసేపు శుభ్రమైన నీళ్లలో కడగాలి. అప్పుడు తాగడానికే మంచినీళ్లు లేవు, బావులన్నీ ఉప్పుగా మారాయి. బిందె నీళ్లు ఫొటోలకి పోయడానికి నాన్నకి మనసొప్పలేదు. కడగడం చాలక ఆ ప్రింట్లు కొన్నేళ్లకి పసుపు మచ్చలు పడ్డాయి. మీ ఇంట్లో దేవుడి గదిలోనో, పాత పెట్టెలోనో చిన్న చదరపు ఫొటో పచ్చబడి ఉంటే, అది మా నాన్న ఆ రోజుల్లో తీసినదే కావచ్చు. తెచ్చి చూపించండి. నెగటివ్ బాగానే ఉండి ఉంటుంది, పెద్ద ప్రింటు వేసిస్తాను.

అప్పట్నుంచి మా స్టూడియోలో ఒక్క నెగటివ్ పారేయలేదు. 1990 మే తుఫానుకి ముందే హెచ్చరికలు వచ్చాయి, జనాన్ని తరలించారు. నాన్న బియ్యం బస్తా కంటే ముందు ఆ పెట్టెలు సర్దించాడు. అంత జాగ్రత్తగా ఆయన నిలబెట్టినదాన్ని నేను కప్పు కారుతుంటే చూసీ చూడనట్టు వదిలేశాను. అందుకే ఇప్పుడు ఇంత గాభరా పడుతున్నాను.

ఆ పెట్టెల్లో దుఃఖమే ఉందనుకోవద్దు. మాఘ పౌర్ణమికి హంసలదీవిలో సాగర స్నానాలకి వచ్చిన జనం ఉన్నారు, నాన్న అక్కడ ఏటా తెర కట్టి కెమెరా పెట్టేవాడు. ఎదురుమొండి నుంచి ఏరు దాటి, జుట్టుకి నూనె రాసి నున్నగా దువ్వుకుని వచ్చిన కొత్త దంపతులు ఉన్నారు. నాటకాలకి తెరలు రాసే ఆయన మాకు రాసిచ్చిన తెర ఒకటుండేది, దాని మీద పాలరాతి మెట్లు, హంసలు. ఊళ్లో సగం మంది తాతలు ఆ మెట్ల ముందే నిలబడి ఉన్నారు. పులిగడ్డ అక్విడక్టు మీద సైకిళ్లతో దిగిన కాలేజీ కుర్రాళ్ల ఫొటో ఒకటుంది, నాకు చాలా ఇష్టం. కింద కృష్ణ, పైన కాలవ, మధ్యలో వీళ్లు బెల్‌బాటమ్ ప్యాంట్లతో. వాళ్లలో కనీసం ఇద్దరు ఇప్పుడు మనవల్ని ఎత్తుకుని మా వీధిలోనే తిరుగుతుంటారు.

ఇక ఎలా తీసుకోవాలో చెప్తాను. మీ ఇంటి పెద్దల పేరు, ఊరు, ఫొటో దిగిన సందర్భం చెప్పండి. తారీఖు తెలియకపోయినా పర్లేదు, ఏ పంటకో ఏ పండక్కో చెప్పినా వెతుకుతాను. నెగటివ్ మీకిచ్చేముందు లైటు బల్ల మీద పెట్టి కెమెరాతో కాపీ తీసి ఫోన్‌కి పంపుతాను. దానికి డబ్బులు వద్దు. ప్రింటు కావాలంటే పేపరు ఖర్చు ఇవ్వండి.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటపెట్టొద్దు. పెళ్లిచూపుల కోసం తీసిన ఆడపిల్లల ఫొటోలు వాళ్ల చేతికే ఇస్తాను. అన్నదమ్ములు వచ్చినా, భర్త వచ్చినా ఇవ్వను. రాలేకపోతే ఆవిడే ఫోన్ చేసి ఎవరికివ్వాలో చెప్పాలి. లేని వాళ్లవైతే వాళ్ల పిల్లలకిస్తాను.

ఇంటికి తీసుకెళ్లాక వాటిని ప్లాస్టిక్ కవర్లలో పెట్టొద్దు, మన తేమకి చెమ్మ పట్టి అంటుకుపోతాయి. కాగితం కవరులో ఒక్కొక్కటి వేరుగా పెట్టి బీరువాలో ఉంచండి. అంచులే పట్టుకోండి, తడిగుడ్డతో తుడవొద్దు.

సంక్రాంతి దాకా రోజూ ఉదయం తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది వరకు ఉంటాను. ఆదివారం కూడా. దూరం నుంచి వచ్చేవాళ్లు ముందు రోజు ఫోన్ చేస్తే పెట్టె దించి ఉంచుతాను. ఎవరూ రాని నెగటివ్‌లు కూడా కాపీ తీశాక వెనక గదిలో అటక మీదికి చేరతాయి.

సముద్రం వైపు ఊళ్లవి నాన్న విడిగా ఒక రేకు డబ్బాలో పెట్టాడు. మూత మీద ఆయన చేతిరాతతోనే ఊళ్ల పేర్లున్నాయి. అందులో చాలా వాటికి అడగడానికి వచ్చేవాళ్లు లేరు. దూరపు చుట్టమైనా, పక్కింటివాళ్లైనా, ఆ మొహాలు గుర్తుపట్టగలిగిన వాళ్లు ఎవరైనా ఒకసారి వచ్చి చూడండి. ఆ డబ్బాకి గడువేమీ లేదు.