కంది కాలు నిలబెట్టిన మా వీధి వాళ్లందరికీ

నిన్న సాయంత్రం మా వీధి కుక్కపిల్ల కంది మా ఇంటి మెట్లు మూడు ఎక్కింది. నాలుగు కాళ్లతోనే ఎక్కింది. ఎడమ వెనక కాలు కొంచెం ఆలోచించి వేస్తోంది, కానీ వేస్తోంది. అది చూశాక ఇంక రాయకుండా ఉండలేకపోయాను. నెల క్రితం దాని విరిగిన కాలి వైద్యానికి నేను సాయం అడిగితే పలికిన వాళ్లలో చాలామందికి తర్వాత ఏం జరిగిందో సరిగ్గా చెప్పనే లేదు. క్షమించండి.

తిరుపతిలో మా వీధి చివర సిమెంటు తూములో ఒక తల్లి కుక్క ఐదు పిల్లల్ని పెట్టింది. వాటిలో కందిపప్పు రంగులో ఉన్నదానికి మా పాప కంది అని పేరు పెట్టుకుంది. దానికి రెండు నెలలు నిండాయో లేదో, ఒక మధ్యాహ్నం ఏదో బండి తగిలించి వెళ్లిపోయింది. నేను పరుగెత్తేసరికి తూము పక్కన పడి గొంతు పోయేలా అరుస్తోంది. ఎత్తబోతే నా చేయి కరిచింది. అంత నొప్పిలో అది మాత్రం ఏం చేస్తుంది! పై వాటా అక్క నన్ను కుళాయి కింద నిలబెట్టి పావుగంట సేపు సబ్బుతో చేయి కడిగించింది. ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్లి రేబిస్ టీకా మొదటి డోసు కూడా వేయించింది. అక్కా, నా టెన్షన్‌లో నా చేతి సంగతే మర్చిపోయాను. నువ్వు మర్చిపోలేదు.

మందుల షాపు తమ్ముడికి ప్రత్యేకంగా చెప్పాలి. దాని అరుపు వినలేక, మా పాపకు వాడే జ్వరం సిరప్ రెండు చుక్కలు వేద్దామని వెళ్లాను. అతను సీసా ఇవ్వలేదు. "అక్కా, పారాసిటమాల్, బ్రూఫెన్ లాంటివి కుక్కలకు మీ అంతట మీరు వెయ్యొద్దు, ప్రాణం మీదికి వస్తుంది. బరువు చూసి డాక్టరే రాయాలి" అన్నాడు. ఆ పూట కోపం వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

మొదట చూపించిన చోట ఎక్స్‌రే తీయకుండానే తొడకు కట్టు కట్టి పంపారు. మేమూ సరేననుకున్నాం. తెల్లారేసరికి ఆ కట్టు మోకాలి కిందికి జారిపోయి బిగుసుకుంది. పాదం ఉబ్బింది. పై వాటా అక్క నర్సుగా పనిచేసి రిటైరైంది. పాదాన్ని వెలుతురులోకి తిప్పి, "నడిమి రెండు గోళ్లు చూడు, ఎడంగా జరిగాయి. రక్తం ఆడటం లేదు" అంటూనే కత్తెర తెచ్చి కట్టు విప్పేసింది. అరగంటలో మా వీధి ఆటో అన్న మమ్మల్ని వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లాడు. రానూ పోనూ పైసా తీసుకోలేదు. మధ్యలో స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ ఆటోను దాదాపు ఆపేసి, మెల్లగా దాటించాడు.

ఎక్స్‌రేలో తొడ ఎముక నడిమికి విరిగి, రెండు ముక్కలూ ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి. అక్కడి డాక్టరమ్మ ఫిల్మును లైటు పెట్టె మీద ఉంచి, మా పాపకు కూడా అర్థమయ్యేలా చెప్పారు. కట్టు పనిచేయాలంటే విరిగిన చోటుకు పైనున్న కీలూ కింద ఉన్న కీలూ రెండూ కదలకూడదు. తొడకు పైన ఉండేది తుంటి, దాన్ని కట్టులో బిగించడం కష్టం. పైగా పసి పిల్లల్లో కాలు చాపి కట్టేస్తే తొడ కండరం ఎముకకు అతుక్కుపోయి మోకాలు మళ్లీ వంగకపోవచ్చు. కదలకుండా ఉంచి వదిలేస్తే ఎముక అతుక్కుంటుంది, కానీ ఇంతగా తప్పింది కాబట్టి వంకరగా, పొట్టిగా అతుక్కునే ప్రమాదం ఉంది. ఎముక లోపల పిన్ వేసి నిలబెట్టడం ఒక దారి. అదీ కుదరకపోతే కాలు తీసేయడం. మూడు కాళ్ల మీద కుక్కలు బాగానే బతుకుతాయని కూడా చెప్పారు. ఈ వయసులో ఎముక మూడు నాలుగు వారాల్లోనే అతుక్కుంటుంది, అందుకే నాన్చడానికి టైం లేదన్నారు.

నాకు ఏడుపొచ్చేసింది. కంది బరువు రెండు కిలోల మూడొందల గ్రాములు. అంత చిన్న ప్రాణానికి మత్తు ఎలా ఇస్తారు? లేవకపోతే? ఇస్త్రీ బండి తాతేమో పుత్తూరు కట్టు వేయిద్దామన్నాడు. ఆయన చేయి విరిగినప్పుడు అక్కడే బాగైంది, ఆ నమ్మకాన్ని నేను తీసిపారేయలేను. మా ఆయన ఆపరేషన్ వద్దన్నారు. హైదరాబాద్ నుంచి, దుబాయ్ నుంచి ఫోన్లు చేసినవాళ్లు డబ్బు పంపుతామన్నారు. ఆ రాత్రి డాబా మీద అందరం కూర్చున్నాం. అప్పుడు పై వాటా అక్క ఒక్క మాట అడిగింది: "ఆపరేషన్ డాక్టర్లు చేస్తారు. తర్వాత నెల రోజులు దీన్ని గెంతకుండా ఎవరు చూసుకుంటారు?"

మేమంతా డబ్బు గురించి, మత్తు గురించి కొట్టుకుంటున్నాం. అసలు తేలాల్సింది ఇదని ఎవరికీ తట్టలేదు. పిన్ వేసిన పిల్లను మళ్లీ తూము దగ్గర వదిలితే ఒక్క పూటలో మొత్తం పాడైపోతుంది. ఇద్దరం ఉద్యోగాలకు వెళ్లేవాళ్లం, పగలు ఇంట్లో ఎవరూ ఉండరు. నేను నోరు తెరవకముందే తాత, "పగలు నా బండి పక్కన పెట్టండి, నేను చూసుకుంటా" అన్నాడు. పుత్తూరు వెళ్దామన్న తాతే! స్కూలు నుంచి వచ్చాక పిల్లలు, రాత్రి మేము. అక్కడికక్కడే పిన్ వేయిద్దామని తేల్చుకున్నాం.

ఆపరేషన్‌కు ముందు రాత్రంతా పస్తు పెట్టొద్దన్నారు. అంత చిన్నవాటికి ఒంట్లో చక్కెర పడిపోతుందట. చెప్పిన టైంకు పలచటి పెరుగన్నం పెట్టి తీసుకెళ్లాం. మధ్యాహ్నానికి దుప్పట్లో చుట్టి ఇచ్చారు, నాలుక బయటికి వేలాడుతూ, ఒళ్లు వణుకుతూ. మా పాప తన స్వెటర్ విప్పి కప్పింది. కుట్లు నాకకుండా మెడకు వేసిన అట్ట, మా తాతగారి పాత ఛాతీ ఎక్స్‌రే ఫిల్ముతో చేసిందే. కూరగాయల అక్క ఇచ్చిన రెండు టమాటా ట్రేలను ఒకదాని మీద ఒకటి బోర్లించి, లోపల పాత నేత చీర పరిచాం. నెల రోజులు అదే కంది ఇల్లు. తల్లి కుక్క రోజూ రాత్రి మా గేటు బయట పడుకునేది. ట్రే కన్నాల్లోంచి రెండూ మూతులు ఆనించుకునేవి.

తాతా, ఎండలో బొగ్గుల వేడి పక్కన కూర్చుని, మీ గొడుగు దాని ట్రేకి పట్టారు. నేను చూశాను.

ఇరవై ఆరో రోజు ఎక్స్‌రేలో విరిగిన చోట కొత్త ఎముక చెరుకు గణుపులా ఉబ్బి కనిపించింది. పోయిన వారం పిన్ తీసేశారు. ఆ డాక్టరమ్మకు, దాన్ని ప్రతిసారీ పేరు పెట్టి పిలిచిన పీజీ విద్యార్థులకు మా అందరి నమస్కారాలు.

మీరు పంపింది మొత్తం 9,350 రూపాయలు. ఎక్స్‌రేలు, పిన్, మందులు అన్నీ కలిపి 7,120 అయ్యాయి. మిగిలిన 2,230 మిగతా నాలుగు పిల్లల టీకాలకు, తల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కు వాడతాం. ఎవరైనా వెనక్కి కావాలంటే మొహమాటపడకండి, పంపిస్తాను.

కందిని పై వాటా అక్క పెంచుకుంటోంది. ట్రేలు రెండూ కడిగి డాబా మీద ఎండబెట్టాను. రేపు పొద్దున కూరగాయల అక్కకు ఇచ్చి వస్తాను.